కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ సీజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మాత్రమే చూసేవాళ్లకు వానాకాలమంతా ఫుట్‌బాల్ లేనట్టే ఉంటుంది. కోల్‌కతాలో మాత్రం అసలు హడావిడి అప్పుడే. ఆ సీజన్ గురించి కొత్తగా తెలుసుకునేవాళ్లు ఎక్కువగా అడిగేవి, అడగకపోయినా తెలుసుకుంటే బాగుండేవి ఇక్కడ ఉన్నాయి.

ఇంతకీ ఏమిటీ లీగ్? ఎవరు నడుపుతారు?

1898లో మొదలైన పోటీ ఇది. ఆసియాలోనే అతి పాత ఫుట్‌బాల్ లీగుల్లో ఒకటి. మొదటి ఏడాది విజేత గ్లౌస్టర్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక దళం. దీన్ని నడిపేది ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఐఎఫ్‌ఏ.

ఐఎఫ్‌ఏ అంటే మన జాతీయ సంఘమే కదా?

కాదు. పేరు చూసి చాలామంది అలాగే అనుకుంటారు. 1893లో పుట్టిన ఐఎఫ్‌ఏ పరిధి పశ్చిమ బెంగాల్ వరకే. దేశం మొత్తానికి పెద్ద ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్, అంటే ఏఐఎఫ్ఎఫ్. అది 1937లో వచ్చింది. పిల్ల సంఘం తల్లి సంఘం కంటే నలభై నాలుగేళ్లు పెద్దదన్నమాట.

సీజన్ ఎప్పుడు? ఆ బురదలో ఆడటం దేనికి?

ఇటీవలి కాలంలో జూన్ చివర్లో మొదలై సెప్టెంబర్ దాకా సాగుతోంది. కొన్నిసార్లు ఇంకా లాగుతుంది. కోల్‌కతా నడిబొడ్డున ఉన్న పెద్ద ఖాళీ స్థలాన్ని మైదాన్ అంటారు. అందులోని గ్రౌండ్లను పాతకాలం నుంచీ మూడు ఆటలు పంచుకున్నాయి. చలికాలం క్రికెట్‌ది, ఎండాకాలం ముందు హాకీది, వానలు ఫుట్‌బాల్‌వి. ఆ అలవాటే క్యాలెండర్ అయి కూర్చుంది.

వాన అంటే ఇక్కడ కేవలం అసౌకర్యం అనుకోకండి, ఫలితాలను మార్చే శక్తి అది. మన ఆటగాళ్లు ఒట్టి కాళ్లతో ఆడిన రోజుల్లో ఎండిన నేల మీద వాళ్లను పట్టుకోవడం తెల్లజట్లకు కష్టమయ్యేది. వాన పడితే మాత్రం బూట్లు వేసుకున్నవాళ్లదే పైచేయి. 1930ల్లో మహమ్మదన్ స్పోర్టింగ్ అనే కోల్‌కతా క్లబ్బు ఈ సంగతి గ్రహించి తడి నేల మీద బూట్లు తొడిగింది. ఆ తర్వాత ఏం జరిగిందో కింద చదవండి. జాతీయ స్థాయిలో బూట్లు తప్పనిసరి కావడానికి 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు అందరికీ బూట్లున్నాయి. అయినా నీళ్లు నిలిచిన గ్రౌండులో పొట్టి పాస్‌లు ఆడే జట్టు ఇబ్బంది పడుతుంది, బంతిని గాల్లో పంపి దాని వెనక పరిగెత్తే జట్టు బతికిపోతుంది. ఈ లీగ్ స్కోర్లు చూసి ‘ఇంత బలమైన జట్టు ఆ చిన్న జట్టుతో డ్రా ఏంటి?’ అని ఆశ్చర్యపోయేముందు ఆ రోజు వాన పడిందా లేదా చూసుకోవాలి.

ఫార్మాట్ ఎలా ఉంటుంది?

ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటుంది, అదే తలనొప్పి. ఒకప్పుడు ప్రీమియర్ డివిజన్‌లో ఏ, బీ అని రెండు అంచెలుండేవి. 2023లో ఆ రెండింటినీ కలిపి 26 జట్లు చేసి, పదమూడేసి చొప్పున రెండు గ్రూపులుగా విడదీశారు. గ్రూపులో ప్రతి జట్టూ మిగతా పన్నెండింటితో ఒక్కోసారి ఆడుతుంది. ఆ దశలోనే 156 మ్యాచ్‌లు. ప్రతి గ్రూపు నుంచి మొదటి మూడు జట్లు సూపర్ సిక్స్‌కు వెళ్తాయి, టైటిల్ అక్కడ తేలుతుంది. అడుగున ఉన్నవాళ్లు కింది డివిజన్‌కు జారిపోకుండా పోరాడతారు.

నా ఉద్దేశంలో 26 జట్లు ఎక్కువే. పై జట్లకూ కింది జట్లకూ మధ్య తేడా మరీ పెద్దదై, కొన్ని మ్యాచ్‌లు ఏకపక్షంగా ముగుస్తాయి. కానీ ఆటగాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఒక్కో జట్టులో పాతికమంది అనుకున్నా, ఆరున్నర వందల మందికి సీజనంతా పోటీ దొరుకుతుంది. దీని కింద ఐదో డివిజన్ దాకా ఉన్న అంచెల్లో ఆడేవాళ్లు అదనం.

1911లో మోహన్ బగాన్ తెల్లవాళ్లను ఓడించి గెలిచింది ఈ లీగేనా?

అది ఐఎఫ్‌ఏ షీల్డ్. 1911 జులై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి మోహన్ బగాన్ గెలిచిన ఆ కప్పు నాకౌట్ పోటీ. లీగ్ వేరు. నిజానికి ఆ విజయం నాటికి లీగ్‌లో భారతీయ జట్లకు చోటే లేదు.

మరి భారతీయ జట్లు లీగ్‌లోకి ఎప్పుడొచ్చాయి?

1914లో మోహన్ బగాన్, ఆర్యన్ క్లబ్బులను రెండో డివిజన్‌లోకి రానిచ్చారు. మరుసటి ఏడాది మోహన్ బగాన్ మొదటి డివిజన్‌కు ఎక్కింది. అక్కడో విచిత్రమైన నిబంధన ఉండేది. మొదటి డివిజన్‌లో రెండుకు మించి భారతీయ జట్లు ఉండకూడదు! ఎంత బాగా ఆడినా సరే, రెండు కుర్చీలే. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ 1924లో రెండో డివిజన్‌లో అగ్రస్థానాన్ని మరో జట్టుతో పంచుకున్నా ఈ నిబంధనే అడ్డొచ్చింది. పెద్ద గొడవ జరిగి, చివరికి ఆ గీత చెరిగింది. 1925లో ఈస్ట్ బెంగాల్ మొదటి డివిజన్‌లో ఆడింది.

టైటిల్ కోసం మాత్రం ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. మహమ్మదన్ స్పోర్టింగ్ 1934లో మొదటి డివిజన్‌లోకి అడుగుపెట్టిన ఏడాదే విజేతగా నిలిచింది. లీగ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. అక్కడితో ఆగకుండా 1938 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. దేశంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి ఆటగాళ్లను వెతికి తెచ్చుకోవడం, తడి నేలకు బూట్లు వాడటం, ఈ రెండూ వాళ్లకు కలిసొచ్చాయి. 1911 షీల్డ్ గురించి పాఠ్యపుస్తకాల్లో ఉన్నంతగా ఈ ఐదేళ్ల గురించి ఎక్కడా ఉండదు. ఒక్కరోజు అద్భుతం కంటే ఐదు సీజన్లపాటు ప్రతి వారం గెలవడం ఎందులో తక్కువో నాకు అర్థం కాదు.

మోహన్ బగాన్ మొదటి లీగ్ టైటిల్ 1939లో, ఈస్ట్ బెంగాల్‌ది 1942లో.

ఎక్కువసార్లు గెలిచింది ఎవరు?

ఈస్ట్ బెంగాల్. 1970 నుంచి 1975 దాకా వరసగా ఆరు, 2010 నుంచి 2017 దాకా వరసగా ఎనిమిది ఆ క్లబ్బువే. ఆ ఎనిమిదేళ్ల పరంపరకు 2018లో మోహన్ బగాన్ తెర దించింది. మహమ్మదన్ స్పోర్టింగ్‌ది ఇంకో కథ. 1981 తర్వాత నలభై ఏళ్లు ఎదురుచూసి, 2021, 2022, 2023లో వరసగా మూడు గెలుచుకుంది. 2021లో మిగతా రెండు పెద్ద క్లబ్బులు, అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, లీగ్‌లో ఆడలేదని దెప్పేవాళ్లున్నారు. ఆడనివాళ్లు ఓడించలేదని గెలిచినవాళ్లను అనడం అన్యాయం.

పెద్ద జట్లు కాకుండా చిన్న క్లబ్బులు ఎప్పుడైనా గెలిచాయా?

స్వతంత్రం వచ్చాక చాలా అరుదుగా. 1958లో ఈస్టర్న్ రైల్వే గెలిచింది. పి.కె. బెనర్జీ ఆడిన జట్టు అది. మూడు పెద్ద క్లబ్బుల్లో దేనికీ ఆడకుండానే ఆయన 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడంటే, రైల్వే జట్టులో ఉంటూ లీగ్ ఆడటానికి అప్పట్లో ఎంత విలువ ఉండేదో ఊహించుకోండి. ఆ తర్వాత ఆ ముగ్గురూ కాకుండా మరో జట్టు గెలవడానికి 61 ఏళ్లు పట్టింది. 2019లో పీర్‌లెస్ ఆ పని చేసింది.

డెర్బీ అంటే అంత పిచ్చి ఎందుకు?

డెర్బీ అంటే ఒకే ఊరి ప్రత్యర్థుల పోరు, ఇక్కడైతే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్. ఈ రెండింటి మొదటి లీగ్ మ్యాచ్ 1925 మే 28న జరిగింది. ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి లక్షలమంది ఇళ్లూ వాకిళ్లూ వదిలి కోల్‌కతాకు వచ్చారు. వాళ్లకు ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పోగొట్టుకున్న ఊరి పేరు. పడమటి బెంగాల్ పాతకాపులకు మోహన్ బగాన్ సొంత జెండా. వాళ్లు బాంగాల్, వీళ్లు ఘోటీ. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇళ్లలో పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. బెంగాలీలు ఇలిష్ అనే చేపే గోదావరి ఎదురెక్కితే మనకు పులస కాబట్టి ఆ సంబరం మనకు బాగానే అర్థమవుతుంది.

ఈ పిచ్చికి చీకటి కోణం కూడా ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో లీగ్ డెర్బీ జరుగుతుండగా గ్యాలరీలో గొడవ చెలరేగి, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఏటా ఆ రోజున కోల్‌కతాలో వాళ్ల జ్ఞాపకార్థం రక్తదాన శిబిరాలు నడుస్తాయి. తర్వాత నాలుగేళ్లకు, 1984లో, సాల్ట్ లేక్‌లో పెద్ద స్టేడియం వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ లీగ్‌తో సంబంధం ఏమైనా ఉందా?

చాలా ఉంది. మనమే మర్చిపోయాం.

1949 నుంచి కొన్నేళ్లపాటు ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ఆడిన ఐదుగురిని అభిమానులు పంచపాండవులనేవాళ్లు. సాలే, అహ్మద్ ఖాన్, ధన్‌రాజ్, వెంకటేశ్, అప్పారావు. ఐదుగురిలో ఎక్కువమంది దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే. అప్పారావు పేరు చూస్తే వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే గొప్ప కోచ్ కంట పడి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన జట్టులో ఆడాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1961లో ఆ జట్టుకు కెప్టెన్‌గా ఉండి లీగ్ గెలిపించడమే కాక, ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కూడా తనే కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. అనారోగ్యం వల్ల ఇరవై ఏడేళ్లకే పెద్దస్థాయి ఆట ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా బెంగాల్‌లోనే, ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

1966లో హైదరాబాద్ నుంచి మహమ్మద్ హబీబ్ వెళ్లాడు. కోల్‌కతా మైదాన్‌లో ఆయన ‘బడే మియా’. మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు, మూడింటి అభిమానులూ తమవాడే అంటారు. ఆ రోజుల్లో ఆటగాళ్లు బ్యాంకు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో చూసుకునేవాళ్లు. ఆయన ఉద్యోగం జోలికి పోకుండా ఆటనే నమ్ముకున్నాడు. తమ్ముడు అక్బర్ కూడా అక్కడే ఆడాడు. 1976 లీగ్ డెర్బీలో మోహన్ బగాన్ తరఫున మ్యాచ్ మొదలైన 17 సెకన్లకే అక్బర్ కొట్టిన గోల్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే ఆలస్యంగా వచ్చి సీటు వెతుక్కునేవాళ్లకు ఆ మ్యాచ్ అయిపోయినట్టే, స్కోరు 1-0 దగ్గరే ఆగింది. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో చనిపోయాడు. ఇక్కడి పత్రికల కంటే కోల్‌కతా పత్రికలే ఆయన కోసం ఎక్కువ పేజీలు కేటాయించి ఉంటాయని నా అనుమానం.

సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా హైదరాబాద్ నుంచే వెళ్లారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేసిన నగరానికి ఆటగాళ్ల కొరత ఏముంటుంది? కొరతంతా నెలల తరబడి సాగి, జనం వచ్చి చూసి, డబ్బులిచ్చే సీజన్‌ది. అది కోల్‌కతాలో ఉంది కాబట్టి ఆటగాళ్లు అక్కడికి పోయారు.

ట్రాన్స్‌ఫర్ల సమయంలో ఆటగాళ్లను ఎత్తుకెళ్లేవాళ్లట, నిజమా?

ఎత్తుకెళ్లడం అనేది కొంచెం పెద్ద మాట, దాచిపెట్టేవాళ్లంటే సరిపోతుంది. సీజన్ ముందు ఆటగాడు ఐఎఫ్‌ఏ ఆఫీసుకు వచ్చి సంతకం పెడితేనే క్లబ్బు ఖాయమయ్యేది. ఆ సంతకం పడేదాకా అవతలి క్లబ్బువాళ్ల కంట పడకుండా హోటళ్లలో, తెలిసినవాళ్ల ఇళ్లలో ఉంచేవాళ్లు. ఏజెంట్లు, కాంట్రాక్టులు వచ్చాక ఆ సరదా పోయింది. ఆటగాళ్లకు మాత్రం టెన్షన్ తగ్గింది.

విదేశీ ఆటగాళ్లు ఉంటారా?

ఒకప్పుడు వాళ్లే ఆకర్షణ. 1980ల్లో ఇరాన్ నుంచి వచ్చిన మజీద్ బిష్కర్, నైజీరియా నుంచి వచ్చిన చీమా ఒకోరీ పేర్లు చెబితే పెద్దవయసు అభిమానుల కళ్లు మెరుస్తాయి. ఇటీవలి సీజన్లలో ప్రీమియర్ డివిజన్‌లో విదేశీయులను ఆపేశారు. అంతేకాదు, మైదానంలో ఇంతమంది బెంగాల్ ఆటగాళ్లు ఉండి తీరాలన్న ‘భూమిపుత్ర’ నిబంధన కూడా పెట్టారు. ఆ సంఖ్యను సవరిస్తూ ఉంటారు కాబట్టి, ఏ సీజన్‌కు ఆ సీజన్ నిబంధనలు చూసుకోవాలి.

స్థానిక లీగ్‌లో స్థానికులకు చోటు దొరకాలనడం న్యాయమే. కానీ ఇదే నిబంధన అప్పట్లో ఉంటే బలరాం, హబీబ్ లాంటివాళ్లకు దారి ఎంత ఇరుకయ్యేదో కూడా ఆలోచించాలి.

పెద్ద క్లబ్బులు కుర్రాళ్ల జట్లనే దింపుతున్నాయి కదా, ఇక చూడటం దేనికి?

అందరికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. 1996లో జాతీయ లీగ్, 2007లో దాని స్థానంలో ఐ-లీగ్, 2014లో ఐఎస్‌ఎల్ వచ్చాయి. 2020లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఐఎస్‌ఎల్‌లోకి వెళ్లాయి, 2024లో మహమ్మదన్ కూడా చేరింది. అప్పట్నుంచి వాళ్ల ప్రధాన జట్ల దృష్టి అటే. కలకత్తా లీగ్‌లో ఎక్కువగా రిజర్వ్ ఆటగాళ్లు, అకాడమీ కుర్రాళ్లు కనిపిస్తారు. టైటిల్ స్థాయి తగ్గిందన్నది నిజం.

సీజన్ విలువ తగ్గిందనడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ప్రాక్టీసులో ఎంత మెరిసినా, నెలకు ఒక్క మ్యాచ్ కూడా దొరక్కపోతే అక్కడే మిగిలిపోతాడు. ఇక్కడ మూడు నెలల్లో పన్నెండు మ్యాచ్‌లు ఖాయం. ఎదురుగా పదేళ్లుగా ఇదే లీగ్‌లో నలిగిన డిఫెండర్లు, కాలి కింద బురద, వెనక అరిచే జనం. 2023 సీజన్‌లో మహమ్మదన్ తరఫున లీగ్ టాప్ స్కోరర్‌గా నిలిచిన డేవిడ్ లాల్‌లన్‌సాంగాను మరుసటి ఏడాది ఈస్ట్ బెంగాల్ తీసుకుంది. కాబట్టి ఎవరు గెలిచారన్నదానికంటే ఎవరు పైకొచ్చారన్నది చూస్తే ఈ సీజన్ రుచి తెలుస్తుంది.

ఈ లీగ్ గెలిస్తే ఐఎస్‌ఎల్‌కు వెళ్లొచ్చా?

నేరుగా వెళ్లలేరు. రాష్ట్ర లీగుల్లో ఆడే క్లబ్బులు తమ రాష్ట్ర సంఘం పేరు పంపితే ఐ-లీగ్ 3లో ఆడతాయి. అక్కణ్నుంచి ఐ-లీగ్ 2, ఆపైన ఐ-లీగ్. దారి పొడుగే, కానీ మూసుకుపోలేదు. 2022లో పుట్టిన డైమండ్ హార్బర్ ఎఫ్‌సీ కలకత్తా లీగ్ కింది అంచె నుంచి మొదలై, 2024-25లో ఐ-లీగ్ 2 గెలిచి, 2025లో డ్యూరాండ్ కప్ అనే మరో జాతీయ పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. ఫైనల్లో నార్త్ఈస్ట్ యునైటెడ్ చేతిలో 1-6తో ఓడిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

సీజన్ పూర్తి కాని సందర్భాలున్నాయా?

ఉన్నాయి. శాసనోల్లంఘన ఉద్యమం నడిచిన 1930లో, విభజన అల్లర్ల 1947లో విజేత తేలలేదు. 2020లో కోవిడ్ వల్ల లీగే జరగలేదు. 2024 సీజన్ వేరే రకంగా సాగింది. వివాదాలు, కోర్టు గొడవల మధ్య విజేత ఈస్ట్ బెంగాల్ అని తేలేసరికి 2025 వచ్చేసింది. ఆట తొంభై నిమిషాల్లో తేల్చగలిగేదాన్ని నెలలపాటు కాగితాలకు అప్పగించడం ఈ లీగ్‌కు పాత జబ్బు.

పాయింట్ల పట్టికలో అంత గందరగోళం ఎందుకు?

వాన వల్ల మ్యాచ్‌లు వాయిదా పడతాయి. డ్యూరాండ్ కప్ కూడా ఇదే కాలంలో ఉండటంతో పెద్ద క్లబ్బుల మ్యాచ్‌లు వెనక్కి జరుగుతాయి. దాంతో ఒకరు ఎనిమిది, మరొకరు ఐదు మ్యాచ్‌లు ఆడి ఉంటారు. అందుకే ముందు ఆడిన మ్యాచ్‌ల గడి చూడాలి, తర్వాతే పాయింట్లు. ఇంకా మంచి పద్ధతి, పాయింట్ల కంటే పోగొట్టుకున్న పాయింట్లు లెక్కపెట్టడం. ఎనిమిది మ్యాచ్‌ల్లో 18 పాయింట్లున్న జట్టు ఆరు పోగొట్టుకుంది, ఐదు మ్యాచ్‌ల్లో 13 ఉన్న జట్టు రెండే. పట్టికలో కిందున్నది రెండోదే అయినా పరిస్థితి మెరుగ్గా ఉన్నది దానికే.

కొత్తగా చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డెర్బీతో మొదలుపెట్టకండి. ఆ గోలలో ఆట కనపడదు. మైదాన్‌లోని క్లబ్బు గ్రౌండ్లలో గానీ, నైహాటి, కల్యాణి, బారాసత్ లాంటి చోట్ల గానీ ఒక పెద్ద క్లబ్బు కుర్రాళ్లకూ పాత చిన్న క్లబ్బుకూ మధ్య జరిగే మధ్యాహ్నపు మ్యాచ్ ఒకటి ఎంచుకోండి. జార్జ్ టెలిగ్రాఫ్, ఆర్యన్, ఖిదిర్‌పూర్, భవానీపూర్, కలకత్తా కస్టమ్స్, ఎవరైనా పర్వాలేదు. గంటన్నరలో నచ్చిన కుర్రాడు ఒక్కడైనా కనిపిస్తాడు. పేరు రాసిపెట్టుకుని, సీజన్ చివరికి అతను ఏ జట్టులో, ఏ స్థానంలో ఆడుతున్నాడో చూడండి. కోల్‌కతా వెళ్లే వీలు లేనివాళ్లకు ఆన్‌లైన్ ప్రసారం ఉందేమో సీజన్ మొదట్లోనే ఐఎఫ్‌ఏ ప్రకటనల్లో చూసుకోవడం మంచిది. షెడ్యూలు వారం వారం మారుతుంది కాబట్టి మ్యాచ్ రోజు పొద్దున్న మరోసారి సరిచూసుకోండి. వెళ్లేవాళ్లు గొడుగు మర్చిపోవద్దు.